నియమం ఎవరిని కడుతుంది?

ఆటల గురించి సాహిత్య పత్రికలో వ్యాసమేమిటని మిత్రులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. నేను చెప్పబోయే ఆటలో గెలుపూ ఓటమీ లేవు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటారు. ఒకరు లోకాన్ని వర్ణిస్తారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ లోకంలో తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఫలితం తేలని చోట పాచికలు వేస్తారు. ఆట ముగిసేసరికి మిగిలేది ఒక కథ. దాన్ని రాసినవాళ్లు ఫలానా అని వేలు పెట్టి చూపలేం. ఇంగ్లీషులో దీన్ని రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. మనం పాత్రధారణ ఆట అనుకుందాం. కథ ఏ దారిన పుట్టాలో, అందులో ఎవరు ఎంతవరకు మాట్లాడాలో చెప్పే నియమాల పుస్తకం ఉన్నదంటే అది ఒక రకం లక్షణ గ్రంథమే. లక్షణ గ్రంథాల మంచిచెడ్డలు తేల్చడం తెలుగు ఎం.ఏ. చదివినవాడికి కొత్త పనేమీ కాదు.

అచ్చయిన పాత్రధారణ ఆటల్లో మొదటిది డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో వెలువడింది. ఈ యాభై ఏళ్లలో దాని నియమాలను ఎన్నోసార్లు తిరగరాశారు. పాతవాటికీ కొత్తవాటికీ మధ్య తగువు చాలాకాలంగా నడుస్తోంది. పాత పుస్తకాలు తక్కువ చెప్పాయి కనుక ఊహకు చోటు మిగిలింది, కొత్తవి ప్రతి పనికీ ఒక అంకె కట్టి ఊహను గుమాస్తాగిరీ చేశాయి అంటుంది ఒక పక్షం. పాత ఆటలో నడిపేవాడి ఇష్టమే చట్టం, ఆటగాడికి హక్కంటూ ఏదైనా వచ్చిందంటే కొత్త పుస్తకాల వల్లే వచ్చింది అంటుంది రెండో పక్షం. వాదమంతా స్వేచ్ఛ, నిర్బంధం అనే రెండు మాటల చుట్టూ తిరుగుతోంది. రెండు పక్షాలూ నిలబడి అడగని ప్రశ్న ఒకటుంది. నియమం రాసి ఉన్నప్పుడు అది ఎవరిని కడుతుంది? రాసి లేనప్పుడు ఆ ఖాళీలోకి వచ్చి కూర్చునేది ఎవరి మాట?

నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రవాడొకడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఆదివారాలు స్నేహితులతో ఈ ఆట ఆడతాడు. "మాస్టారూ, ఇందులో నడిపేవాణ్ని కూడా మాస్టరే అంటారు, మీరు రావలసిందే" అని పిలిచాడు. డంజన్ మాస్టర్ అనేది ఆ పదవి పేరు. నేను మూడు ఆదివారాలు వాళ్ల బల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒకే ఘట్టాన్ని మూడు రకాల నియమాలతో ఆడి చూపించమని అడిగాను. వాళ్లు నవ్వుకున్నా ఒప్పుకున్నారు. ఘట్టం చిన్నది. పొద్దుగూకే వేళ, నది పోటు మీద ఉంది. రేవులో ముసలి పడవవాడు ఈ రాత్రికి పడవ వెయ్యనంటున్నాడు. వీళ్లు తెల్లవారేలోగా అవతలి గట్టుకు చేరి ఒక కోటలోకి దూరాలి.

మొదటి ఆదివారం 1981 నాటి బేసిక్ నియమాలతో ఆడారు. టామ్ మోల్డ్‌వే కూర్చిన పుస్తకం అది, 64 పేజీలు. ఎదుటివాణ్ని ఒప్పించడం గురించి అందులో ఉన్నది చాలా తక్కువ. ఎదురుపడినవాడు మొదటి చూపులో ఎలా ప్రవర్తిస్తాడో రెండు పాచికలు వేసి తేల్చే ఒక పట్టిక ఉంది. పాత్రకు ఛరిస్మా అనే అంకె ఉంటుంది, అది ఆ పట్టికను కొంచెం అటూఇటూ జరుపుతుంది. ఆ పైన అంతా మాటే. ఇద్దరు కుర్రవాళ్లు అందుకున్నారు. ఒకడు పొగిడాడు, ఒకడు బేరమాడాడు, ఇద్దరూ కలిసి కొంత బెదిరించారు. నడిపే నా శిష్యుడు పడవవాడి గొంతుతో సమాధానాలిచ్చాడు. ముప్పావు గంట గడిచింది. మంచి సంభాషణ, ఏ నాటకంలోనైనా పెట్టవచ్చు. చివరకు పడవవాడు మెత్తబడ్డాడు. ఎవరి మాటకు మెత్తబడ్డాడో ఆ కుర్రవాడి పాత్ర కాగితం మీద ఛరిస్మా 8. అదే బల్ల దగ్గర 16 ఉన్న పాత్ర ఒక అమ్మాయిది. ఆ పాత నియమంలో ఆరు ముఖాల పాచికలు మూడేసి వేసి, పడింది పడ్డట్టు రాసుకోవాలి. ఆమెకు అలా పడింది. గుంపులో అందరికంటే మాటకారి ఆమె పాత్రే. ఆమె మాత్రం ఆ ముప్పావు గంటలో రెండుసార్లు నోరు తెరిచి, మిగతావాళ్లు అందుకోవడంతో ఊరుకుంది.

రెండో ఆదివారం 2014లో వచ్చిన అయిదో కూర్పు నియమాలు. ఇందులో పాత్రకు 18 నైపుణ్యాలు పేర్లతో సహా ఉంటాయి. ఒప్పించడం వాటిలో ఒకటి, దాని పేరు పర్సుయేషన్. అమ్మాయి ఈసారి పాటగాడి పాత్ర తీసుకుంది. ఇరవై ముఖాల పాచిక వేసి దానికి అయిదు కలపవచ్చు. "నేను అతన్ని ఒప్పిస్తాను" అన్నది. శిష్యుడు 15 రావాలన్నాడు. పాచిక 14 పడింది, మొత్తం 19. పడవవాడు తాడు విప్పాడు. అంతా అర నిమిషం.

నాలోని పంతులు సంతోషించాడు. నాలోని విమర్శకుడు దిగాలు పడ్డాడు. ఆమె ఏమని ఒప్పించింది? కథలో ఆ చోట ఒక రంధ్రం ఉంది. పడవవాడు దేనికి భయపడ్డాడో, ఏ మాటకు ధైర్యం తెచ్చుకున్నాడో ఎవరికీ తెలియదు, ఆమెకూ తెలియదు. ఆట ముందుకు సాగింది కాని మనిషి తెలియలేదు. మొదటి ఆదివారం పడవవాడి కొడుకు నిరుటి వరదలో పోయాడని బయటపడింది. అది ఎవరూ ముందుగా అనుకున్నది కాదు, మాట మీద మాట పడి పుట్టింది. రెండో ఆదివారం ఆ కొడుకు పుట్టనూ లేదు, చావనూ లేదు.

కాబట్టి పాత నియమమే గొప్పదని తీర్పు చెప్పి లేచిపోవచ్చు. చాలామంది అలాగే చేస్తున్నారు. కాని తరగతి గదిలో ఇరవై ఏళ్లు గడిపినవాడు అంత సులువుగా లేవలేడు. మౌఖిక పరీక్షలో మార్కులు ఎవరికి పడతాయో మనకు తెలుసు. ఇంట్లో నలుగురు కూర్చుని వాదించుకునే అలవాటున్న పిల్లవాడికి పడతాయి. బిట్ పేపరును మనం ఎంత ఈసడించుకున్నా, వెనక బెంచీలో నోరు మెదపని పిల్ల కూడా అక్కడ సరైన గడిలో టిక్కు పెట్టి తన మార్కు తాను తీసుకుంటుంది. అక్కడ దిద్దేవాడి దయ అక్కరలేదు. ఆటగాడి సొంత తెలివికి పరీక్ష పెట్టామని పాత నియమాల అభిమానులు గర్వంగా చెప్పుకుంటారు. ఆటగాడి సొంత తెలివి అనేది అతను బల్ల దగ్గరికి రాకముందే, మరెక్కడో, మరెవరి ఖర్చుతోనో తయారై వచ్చిందన్న సంగతి వాళ్లకు తట్టదు. పాత్రధారణ అన్నప్పుడు, నేను కానిదాన్ని కావడానికే కదా ఈ ఆట! మాట రానివాడు మాటకారి వేషం కట్టగలగాలి. ఆ వేషానికి కావలసిన కిరీటమూ కత్తీ కొత్త పుస్తకం అంకెల రూపంలో ఇచ్చింది. పాత పుస్తకం కిరీటం ఇచ్చి, కంఠం నువ్వే తెచ్చుకో అన్నది.

పాత పుస్తకం మాట గురించి ఎందుకు మౌనంగా ఉందో తెలుసుకోవాలంటే అది ఎక్కడ పుట్టిందో చూడాలి. దీని పూర్వికులు యుద్ధక్రీడలు. 1824లో రైస్విట్జ్ అనే ప్రష్యన్ సైనికాధికారి అధికారుల శిక్షణ కోసం ఒక యుద్ధక్రీడను ప్రచురించాడు. పటాలు, పాచికలు, దెబ్బల లెక్కల పట్టికలు, మధ్యన నిర్ణేత. పట్టికల బరువుకు విసుగెత్తి 1876లో వెర్డీ ద్యు వెర్నువా అనే మరో ప్రష్యన్ సేనాని, ఈ లెక్కలన్నీ తీసేసి అనుభవం గల నిర్ణేత విచక్షణకే వదిలెయ్యమన్నాడు. అంటే నేటి తగువు నూట యాభై ఏళ్ల నాటిది. కాకపోతే అక్కడ విచక్షణ చూపే నిర్ణేత సైన్యంలో హోదా గల మనిషి, ఆడేవాళ్లు నేర్చుకోవడానికి వచ్చిన చిన్న అధికారులు. నియమం తీసేస్తే మిగిలింది హోదా.

అమెరికాలో ఈ యుద్ధక్రీడలు కాలక్షేపంగా ఆడే బృందాలు ఏర్పడ్డాయి. 1969లో మినెసోటా రాష్ట్రంలో డేవిడ్ వెస్లీ అనే యువకుడు, సైన్యాలకు బదులు ఒక ఊళ్లోని మనుషులను ఆటగాళ్లకు పంచాడు. ఒకడు మేయరు, ఒకడు బ్యాంకరు, ఇలా. ఆ ఆటలో పాల్గొన్న డేవ్ ఆర్నెసన్ తర్వాత తన సొంత కల్పనా రాజ్యాన్ని నడిపాడు. విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో ఉండే గ్యారీ గైగాక్స్ 1971లో జెఫ్ పెరెన్‌తో కలిసి చెయిన్‌మెయిల్ అనే యుద్ధక్రీడ రాసి ఉన్నాడు. గైగాక్స్, ఆర్నెసన్ కలిసి 1974లో తెచ్చిందే మొదటి డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, వెల పది డాలర్లు, మొదట అచ్చువేసింది వెయ్యి ప్రతులు. ఒకరినొకరు ఎరిగినవాళ్ల కోసం, అప్పటికే యుద్ధక్రీడలు తెలిసినవాళ్ల కోసం రాసుకున్న పుస్తకాలవి. వాళ్ల మధ్య తగువు వచ్చేది కత్తి తగిలిందా లేదా అన్న చోట. అందుకే దెబ్బలకు నియమం రాశారు. మాటకు రాయలేదు, ఎందుకంటే మాట్లాడేటప్పుడు వాళ్లంతా ఒకే రకం మనుషులు. సమాన స్కంధుల మధ్య రాసుకోనవసరం లేనిదాన్ని రాయలేదు. దాన్ని తర్వాతివాళ్లు స్వేచ్ఛా సిద్ధాంతంగా కీర్తించారు.

ఆ పుస్తకాలు బయటివాళ్లకు సరిగ్గా అర్థం కాలేదన్నది మరో నిజం. అర్థం కాకపోవడం వల్ల మేలు కూడా జరిగింది. అరిజోనాలో కెన్ సెంట్ ఆండ్రే ఆ పుస్తకాలు చూసి, ఇది ఇలా కుదరదని 1975లో టనల్స్ అండ్ ట్రోల్స్ అనే తన ఆటను తానే రాసుకున్నాడు. ఎవరి బల్లకు వాళ్లు నియమాలు అల్లుకున్నారు. మొదటి పుస్తకాల చివర గైగాక్స్, ఆర్నెసన్‌లు సైతం మిగతాది మీరే ఊహించుకోండనే ధోరణిలోనే ముగించారు. అయిదేళ్లు తిరగకుండా ఆ ధోరణి మారింది. 1977 నుంచి 1979 దాకా మూడు లావుపాటి పుస్తకాలుగా వెలువడిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో గైగాక్స్ ఒక్కడే గొంతెత్తి, అన్ని బల్లల దగ్గరా ఆట ఒకే తీరుగా ఉండాలని పట్టుబట్టాడు. పోటీలు పెడుతున్నారు కనుక ఏకరూపత కావాలన్నది పైకి కనిపించే కారణం. అదే 1979లో, ఈ అడ్వాన్స్‌డ్ పుస్తకాలకు తనకు రావలసిన రాయల్టీ కోసం ఆర్నెసన్ కంపెనీ మీద దావా వేశాడు, 1981లో రాజీ కుదిరింది. లక్షణ గ్రంథానికి కర్త ఒక్కడే కావడానికీ, దాని మీద వచ్చే డబ్బుకూ సంబంధం ఉందో లేదో పాఠకులే ఆలోచించుకోవచ్చు.

ఇక అసలు వస్తువుకు వద్దాం. నియమం రూపానికి సంబంధించినదనీ, కథావస్తువు ఆటగాళ్ల ఇష్టమనీ అనుకోవడం పొరపాటు. దేనికి మార్కులు వేస్తారో దాన్నే మనిషి చేస్తాడు. 1981 బేసిక్‌లో ఒక ఓర్క్‌ను, అంటే ఒక మోటు అసుర సైనికుణ్ని, చంపితే 10 అనుభవ మార్కులు. ఒక బంగారు నాణెం ఇంటికి చేరిస్తే 1 మార్కు. వీరుడి పాత్ర మొదటి మెట్టు నుంచి రెండో మెట్టు ఎక్కడానికి 2000 కావాలి. అంటే ఒక్కడే చంపుకుంటూ పోతే 200 మంది ఓర్క్‌లను చంపాలి. అప్పుడు అతని వంట్లో ఉండే సత్తువ ఎనిమిది ముఖాల పాచికలో ఒక్క పడక, అది సున్నా అయితే చావే. కనుక ఆలోచన ఉన్నవాడెవడూ యుద్ధానికి పోడు. చప్పుడు చెయ్యకుండా దూరి, లంచమిచ్చి, శత్రువులకు వాళ్లలో వాళ్లకే తగువు పెట్టి, సొమ్ము ఎత్తుకుని పారిపోతాడు. 2014 కూర్పులో అదే ఓర్క్‌కు 100 మార్కులు, రెండో మెట్టుకు 300 చాలు. ముగ్గురు ఓర్క్‌లు. బంగారానికి మార్కు లేదు. సత్తువ సున్నాకు పడిపోయినా చావుకు ముందు పాచికలు వేసి మూడుసార్లు గట్టెక్కితే నిలదొక్కుకుంటాడు. ఎనిమిది గంటలు విశ్రాంతి తీసుకుంటే పోయిన సత్తువంతా తిరిగి వస్తుంది. పాత నియమం దొంగ కథ చెబుతుంది, కొత్త నియమం వీరగాథ చెబుతుంది. రెండు బల్లల దగ్గరా కూర్చున్నది అవే మనుషులైనా సరే.

ఈ రెండింటిలో నాకు పాత దొంగే ఇష్టం. అతను తన పని ఏమిటో దాచడు. ఎవరి ఇంట్లోకో దూరి సొమ్ము దోచి పైమెట్టు ఎక్కుతాడు. 1978 పుస్తకం ప్రకారం తొమ్మిదో మెట్టుకు చేరిన వీరుడు కోట కట్టుకుని, చుట్టుపక్కల భూమిని అదుపులోకి తెచ్చుకుని, తన ఏలుబడిలోని ఒక్కో మనిషి నుంచి నెలకు 7 వెండి నాణేల చొప్పున రాబడి పొందుతాడు. జమీందారు ఎలా పుడతాడో ఇంత సూటిగా చెప్పిన వినోద సాహిత్యం నేను చదవలేదు. రాసినవాళ్లు విమర్శగా రాయలేదు, నిజమే. బాల్జాక్ గురించి కూడా మనం ఇలాంటి మాటే అంటుంటాం. 2014 కూర్పులో ఆ పన్ను లేదు. 2024 కూర్పులో అయిదో మెట్టు నుంచి బాస్టియన్ అనే సొంత స్థావరం ఏర్పరచుకోవచ్చు, కాని రైతు దగ్గర పన్ను వసూలు చేసే లెక్క లేదు. వీరుడు ఇప్పుడు కొంచెం మర్యాదస్థుడు. శత్రువును చంపితే కీర్తి, దానికి తోడు దొరికిన సొమ్ము ఊరికే వచ్చినట్టు.

పాత పుస్తకాల పట్ల నాకున్న ఈ ప్రీతి వాటి మాటలను వదిలి వాటి అంకెల్లోకి దిగేసరికి విరుగుతుంది. 1978 పుస్తకంలో స్త్రీ పాత్ర బలానికి పైహద్దు ఉంది. మానవ పురుష వీరుడికి 18 దాటిన తర్వాత నూరు వంతుల దాకా మెట్లున్నాయి. మానవ స్త్రీకి అందులో యాభై దగ్గర గీత గీశారు. మంటలు కక్కే డ్రాగన్లు ఎగిరే లోకంలో, మాయలు పలికే లోకంలో, ఆడది ఇంతకుమించి బరువెత్తలేదని వాస్తవికత గుర్తొచ్చింది వాళ్లకు! ఎల్ఫులు, మరుగుజ్జులు వంటి మానవేతర జాతులకు చాలా వృత్తుల్లో ఇన్ని మెట్లకు మించి ఎక్కరాదనే పరిమితి కూడా అప్పటిదే. ఖాళీలు వదిలారని మెచ్చుకున్న పుస్తకం ఎక్కడ ఖాళీ వదలలేదో చూడండి. 1989లో వచ్చిన రెండో కూర్పులో స్త్రీ బలం మీద హద్దు పోయింది. 2000లో వచ్చిన మూడో కూర్పులో జాతుల మెట్ల పరిమితి పోయింది. పుట్టుకను బట్టి బలమూ బుద్ధీ పెరిగే లెక్కను ఇష్టమైతే మార్చుకోవచ్చని 2020లో చెప్పారు. 2024లో ఆ లెక్కను పుట్టుక నుంచి తీసేసి, పాత్ర పెరిగిన జీవన నేపథ్యానికి కట్టారు. ఒకనాడు 10 మార్కుల లక్ష్యంగా ఉన్న ఓర్క్ ఇప్పుడు ఆటగాడు ఎంచుకోగల జాతుల్లో ఒకడు. ఈ మార్పులను గుమాస్తాగిరీ అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. రాసిన అన్యాయాన్ని చెరపాలంటే మళ్లీ రాయాలి, విచక్షణకు వదిలితే అది చెరగదు.

మన వాడొకడు కూడా ఈ పుస్తకాల్లో ఉన్నాడు. 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్‌లో రాక్షసుడనే పేరుతోనే పులి తలవాడొకడు దర్జాగా కూర్చుని పొగగొట్టం పీలుస్తూ కనిపిస్తాడు. మతగురువు దీవించిన బాణం తగిలితే చస్తాడు. 2014లోనూ సన్మార్గుల చేతిలోని మాయా ఆయుధం మొన అంటే అతనికి భయమే. రావణుడి పాండిత్యమూ వైరాగ్యమూ చదువుకుని వచ్చిన మనకు ఈ పులి కొత్త. నేను నొచ్చుకోలేదు. మన సినిమాలు రాక్షసుడికి ఇంతకంటే ఎక్కువ మర్యాదేమీ చెయ్యలేదు.

మూడో కూర్పు నుంచి నియమం ఆటగాడి చేతికి వచ్చింది. ఇరవై ముఖాల పాచిక వెయ్యి, నీ అంకె కలుపు, ఎదుటి అంకెను అందుకో. దాదాపు ప్రతి పనికీ ఇదే సూత్రం. సూత్రం సరళం. దాని మీద కట్టిన మేడ సరళం కాదు. ఒక్కో అనుబంధ గ్రంథం ఆటగాడికి కొత్త విద్యలు, కొత్త హక్కులు ఇస్తూ పోయింది. హక్కు కావాలంటే పుస్తకం కొనాలి. నడిపేది ఒక్కరు, ఆడేది నలుగురు. పుస్తకం నడిపేవాడి కోసమే రాస్తే ఒక్క ప్రతి అమ్ముడుపోతుంది, ఆటగాడి కోసం రాస్తే నాలుగు ప్రతులు అమ్ముడుపోతాయి. ఆటగాడి హక్కుల విస్తరణలో ఈ లెక్కకు భాగం లేదని నేను నమ్మను. మొదటి ప్రచురణ సంస్థ టి.ఎస్.ఆర్.ను 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొన్నది, దాన్ని 1999లో బొమ్మల వ్యాపారి హాస్‌బ్రో కొన్నది.

అయితే ఇదే కంపెనీ 2000లో ఓపెన్ గేమ్ లైసెన్స్ పేరుతో తన నియమాలలో ముఖ్యభాగాన్ని ఎవరైనా వాడుకోవచ్చని అనుమతి ఇచ్చింది. ఆ అనుమతిని ఆసరా చేసుకుని పాత పక్షంవాళ్లు 2006 నుంచి పాత నియమాలను తమ మాటల్లో తిరగరాసి ప్రచురించారు. ఆస్రిక్, లాబిరింత్ లార్డ్, స్వోర్డ్స్ అండ్ విజర్డ్రీ అలా వచ్చినవే. ఆట పద్ధతికి అమెరికా చట్టంలో కాపీరైట్ లేదు, దాన్ని చెప్పిన మాటలకే ఉంది. వ్యాకరణం అందరిదీ, వ్యాకరణ పుస్తకం మాత్రం ఒకడిది. 2023 జనవరిలో కంపెనీ ఆ పాత అనుమతిని రద్దు చేసే ఆలోచనలో ఉందని బయటపడింది. ఆటగాళ్లూ చిన్న ప్రచురణకర్తలూ పెద్దయెత్తున తిరగబడ్డారు. పాతవాళ్లూ కొత్తవాళ్లూ తగువు మరిచి ఒక్కటైన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే. నెల తిరగకముందే కంపెనీ వెనక్కు తగ్గి, అయిదో కూర్పు మూలనియమాలను ఎవరూ వెనక్కు తీసుకోలేని క్రియేటివ్ కామన్స్ అనుమతి కింద విడుదల చేసింది.

ఇంతవరకు చూసిన రెండు రకాల్లోనూ ఒక మనిషి కట్టు లేకుండా మిగిలిపోయాడు. నడిపేవాడు. పాత పుస్తకం అతనికి పట్టాభిషేకం చేసింది. కొత్త పుస్తకం ఆటగాడికి హక్కులు ఇచ్చి కొంత అదుపు చెయ్యబోయింది, కాని పడవవాడిని ఒప్పించడానికి 15 రావాలని నిర్ణయించింది ఎవరు? నా శిష్యుడే. 25 అన్నా అడిగేవాడు లేడు. నడిపేవాణ్ని కట్టే నియమం గట్టిగా రాసిన పుస్తకాల్లో ముఖ్యమైనది 2010లో విన్సెంట్ బేకర్, మెగ్వీ బేకర్ రాసిన అపోకలిప్స్ వరల్డ్. అందులో నడిపేవాడు పాచికలు వెయ్యడు. ఏ లక్ష్యంతో నడపాలి, ఏ సూత్రాలు పాటించాలి, ఆటగాడి పాచిక తప్పినప్పుడు ఏయే రకాల పనులు చెయ్యవచ్చు అన్నవి అతనికి జాబితాగా ఇచ్చారు. అవి సలహాలు కావు, ఆటగాడి నియమాలెంత నియమాలో ఇవీ అంతే. రెండు పాచికలు, ఆరు ముఖాలవి. 10 ఆపైన వస్తే అనుకున్నది జరుగుతుంది, 7 నుంచి 9 దాకా వస్తే జరుగుతుంది కాని మూల్యం ఉంటుంది, 6 లోపు అయితే నడిపేవాడి వంతు. పాచిక వెయ్యాలంటే ముందు కథలో ఆ పని చెయ్యాలి. ఒప్పిస్తాను అంటే చాలదు, ఎదుటివాడికి కావలసినదేదో నీ చేతిలో ఉండాలి, అది ఏమిటో చెప్పాలి.

ఈ పద్ధతికి నేను భజన చెయ్యడం లేదు. ఏ అంకే కలపకపోతే 36 పడకల్లో 15 ఆ మధ్య అంకెల్లోనే పడతాయి. అందుచేత ప్రతి విజయానికీ ఒక ముల్లు, ప్రతి ముల్లుకూ ఒక మలుపు. గంట సేపు బాగుంటుంది, మూడో గంటకు సీరియల్ నవల వాసన వేస్తుంది. పైగా ఒక్కో పుస్తకం ఒక్కో రకం కథకే పనికొస్తుంది. పాత 64 పేజీల పుస్తకంలో ఉన్న గాలి ఇందులో ఆడదు. అయినా మూడో ఆదివారం చూసింది చెప్పాలి.

ఈ పద్ధతినే వీరగాథలకు మలిచిన 2012 నాటి డంజన్ వరల్డ్‌తో ఆడారు. అదే రేవు, అదే పోటు. కుర్రవాళ్లు మొదలుపెట్టబోతే శిష్యుడు ఆ అమ్మాయి వైపు తిరిగి, పడవ దగ్గర నీకేం కనిపిస్తోందని అడిగాడు. అలా అడగమని అతని పుస్తకం అతనికి చెబుతుంది. ఆమె కాసేపు ఆలోచించింది.

"తాతా, నీ పడవ కట్టుతాడు పీచులు పీచులుగా ఉంది. మా దగ్గర కొత్త తాడుంది. అవతలికి చేర్చు, ఇస్తాం" అన్నది.

పాచికలు 5, 2 పడ్డాయి. ఆమె అంకె 1 కలిపితే 8.

"ఇస్తాం అంటే చాలదమ్మా, ఇప్పుడే ఇయ్యి. పోయినేడు మావాడు పాత తాడుతోనే పోయాడు" అన్నాడు శిష్యుడు, ముసలివాడి గొంతుతో. కొడుకు తిరిగి వచ్చాడు.

మొదటి వారం గెలిచిన కుర్రవాడు అడ్డుపడ్డాడు, తాడు లేకపోతే కోటగోడ ఎలా ఎక్కుతామని. ఆమె తన కాగితం మీద తాడు అన్న మాట కొట్టేసి, "ఇచ్చాను" అన్నది. పడవ కదిలింది. గోడ దగ్గరికి చేరేసరికి పదిన్నరైంది. నాకు బస్సు వేళయి లేచాను. ఎలా ఎక్కారో ఫోను చేసి కనుక్కోవాలి.